నికాహ్ తర్వాత ఇంటి పేరు: మార్చాలా, ఉంచాలా?



ఈ సంచికకు ఆడపిల్లల చదువు గురించి ఒక వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగారు. దాదాపు ముప్పై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని కాబట్టి ఆ విషయం మీద రాయడం నాకు కష్టం కాదు. కానీ ఈసారి చదువుకున్న పిల్లకూ, చదువుకోని పిల్లకూ సమానంగా అడ్డుపడుతున్న ఒక చిన్న విషయం గురించి రాయాలనిపించింది. అది పెళ్లయ్యాక ఆడపిల్ల కాగితాల్లో పేరు మారడం.

మూడేళ్ల కిందట మా వీధి చివర ఉండే ఒక చెల్లెలి భర్త గుండెపోటుతో పోయాడు. లారీ తోలేవాడు. పెద్దపిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం, చిన్నవాడు నా దగ్గరే ఏడో తరగతి. పోయినాయన ముందుచూపు ఉన్న మనిషి. బ్యాంకు ఖాతా ద్వారా ఏటా కొద్దిపాటి ప్రీమియం కట్టి 2 లక్షల రూపాయల బీమా చేసుకున్నాడు. నామినీగా భార్య పేరు రాశాడు. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు పూర్తయ్యాక ఆ చెల్లెలు కాగితాలు పట్టుకుని బయటికి వచ్చింది. బీమా కాగితంలో ఆమె పేరు ముందు 'షేక్', చివర 'బీ' అని ఉంది. ఆధార్‌లో భర్త ఇంటి పేరు 'సయ్యద్', చివర 'బేగం' అని ఉంది. సరే, నికాహ్‌నామా చూపించమన్నారు. అందులో ఎవరో పెద్దాయన చెప్పిన ముద్దుపేరు రాసి ఉంది. మనిషి ఒక్కతే, పేర్లు మూడు.

ఆ డబ్బు చేతికి రావడానికి, భర్త పోయిన రోజు నుంచి లెక్కేస్తే, పదకొండు నెలలు పట్టింది. నోటరీ, తహసీల్దారు కార్యాలయం, బ్యాంకు, మళ్లీ నోటరీ. పదకొండు నెలలూ ఆ ఇంటికి బియ్యం, పెద్దపిల్లకు కాలేజీ ఫీజు మన సంఘమే చూసింది. అల్హమ్దులిల్లాహ్, మీరిచ్చిన సొమ్ము వాళ్లను నిలబెట్టింది. అయితే మూడు కాగితాల మీద ఒకే పేరు ఉండి ఉంటే ఆమె డబ్బు ఆమెకు ముందే వచ్చేది, మీ సొమ్ము ఇంకో ఇంటికి చేరేది. అందుకే ఈ విషయం దాతలకు చెప్పాలనుకున్నాను.

పేరు మార్చుకోవాలని చట్టం చెబుతోందా?

చెప్పడం లేదు. పెళ్లయిన స్త్రీ భర్త ఇంటి పేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ అనడం లేదు. పుట్టింటి పేరుతోనే జీవితాంతం ఉండవచ్చు. భర్త ఇంటి పేరు పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోవచ్చు. అది ఆమె ఇష్టం. ఈ మాట చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. "అత్తగారి ఇంటికి వచ్చాక రేషన్ కార్డులో చేర్చాలి కదా, పేరు మార్చకుండా ఎలా?" అని అడుగుతారు. కార్డులో చేర్చేది మనిషిని. ఆమెకు ఆ ఇంటితో ఉన్న సంబంధం చూపిస్తే సరిపోతుంది. ఇంటి పేరు కలవాలన్న నియమం లేదు.

ఆధార్‌లో భర్త పేరు కావాలంటే చిరునామా భాగంలో కేరాఫ్ అని రాయించుకోవచ్చు. ఆమె సొంత పేరు కదల్చనక్కరలేదు. భర్త ఇంటి చిరునామాకు మారడానికి కూడా 2023 నుంచి ఒక సులువు వచ్చింది. కుటుంబ పెద్ద ఆధార్ ఆధారంగా, అతని సమ్మతితో, చిరునామా మార్చుకోవచ్చు. ఓటరు కార్డులో తండ్రి పేరు తీసి భర్త పేరు పెట్టించుకోవడానికి 8వ నంబరు ఫారం ఉంది. అక్కడా ఆమె పేరు అలాగే ఉంటుంది.

పాన్ కార్డు సంగతి ఇంకా తేలిక. దాని మీద భర్త పేరు అసలు ఉండదు. పెళ్లయినా కాకపోయినా తండ్రి పేరే ఉంటుంది, కోరుకుంటే తల్లి పేరు. ఇది తెలియక తండ్రి పేరు గడిలో భర్త పేరు రాసి పంపినవాళ్లను నేను చూశాను. కార్డు అలాగే అచ్చయి వచ్చాక దాన్ని దిద్దించడానికి మళ్లీ రుసుము, మళ్లీ ఎదురుచూపు.

పాస్‌పోర్టుకు 2016 డిసెంబరు దాకా పెళ్లయినవాళ్లను వివాహ ధ్రువపత్రం అడిగేవారు. ఆ నెలలో విదేశాంగ శాఖ నియమాలు సడలించింది. పెళ్లయినంత మాత్రాన పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాలని లేదు.

దీన్ ఏమంటోంది?

ఇందులో నాకంటే ఉలమాలు చక్కగా చెబుతారు. నాకు తెలిసినంతవరకు చెబుతాను. మన ధర్మంలో మనిషి గుర్తింపు తండ్రి నుంచి వస్తుంది. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వ సల్లం గారి సతీమణులు పెళ్లి తర్వాత కూడా తమ తండ్రుల పేర్లతోనే పిలవబడ్డారు. ఆయిషా బింత్ అబూబకర్, హఫ్సా బింత్ ఉమర్, జైనబ్ బింత్ జహష్ రజియల్లాహు అన్హున్న. ఇంతటి గొప్ప ఇంటికి కోడళ్లుగా వచ్చినవాళ్ల పేర్లే మారలేదు.

మన నికాహ్‌నే గమనించండి. ఖాజీ గారు పెళ్లికూతురి పేరు చదివేటప్పుడు ఫలానా ఆయన కూతురు ఫలానా అనే చదువుతారు. నికాహ్‌నామాలో ఆమె పేరు పక్కన ఆమె తండ్రి పేరే ఉంటుంది. మరి నికాహ్ అయిన వారం రోజులకే ఆ పేరు మార్చే తొందర ఎక్కడి నుంచి వచ్చింది? చుట్టుపక్కల అలవాటు నుంచి వచ్చింది. అలవాటు తప్పని నేను అనను. అది తప్పనిసరి అని మాత్రం అనుకోవద్దు.

మన పేర్లలో ఉన్న చిక్కు

తెలుగు దేశంలో మన పేర్లు ఒక తీరుగా ఉండవు. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు వైపు షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ అనేవి తెలుగువాళ్ల ఇంటి పేర్ల మాదిరిగానే పేరుకు ముందు వస్తాయి. హైదరాబాదులో చాలామంది ఆడపిల్లలకు అసలు ఇంటి పేరే ఉండదు. షాహీన్ సుల్తానా అంటే అదే పూర్తి పేరు. ఫారంలో ఇంటి పేరు గడి ఎదురైతే ఒక్కొక్కరు ఒక్కొక్కటి నింపుతారు.

బీ, బేగం, ఖాతూన్, సుల్తానా, బాను వంటివి ఇంటి పేర్లు కావు. ఆడవాళ్ల పేరు చివర మర్యాదకో అందానికో చేర్చేవి. అయితే ఒకసారి సర్టిఫికెట్‌లోకి ఎక్కితే అవీ పేరులో భాగమే. పెళ్లికి ముందు 'బీ', పెళ్లయ్యాక 'బేగం' అని ఎవరూ అడగకుండానే మారిపోతూ ఉంటుంది. కంప్యూటరుకు మాత్రం వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు.

ఇక ఇంగ్లీషు అక్షరాలు. షేక్ అనే మాటను నేను మా బడి రిజిస్టర్లలో నాలుగైదు రకాలుగా చూశాను. చివర హెచ్ అక్షరం ఉన్నది, లేనిది, మధ్యలో ఏ బదులు రెండు ఈలు ఉన్నది, ఉత్తి ఎస్‌కే అని పొట్టిగా రాసినది. మహమ్మద్ కూడా అంతే. ఎండీ అని రెండక్షరాలతో ముగించేస్తారు. ఒకే తల్లి పిల్లలు ముగ్గురికి మూడు రకాల షేక్‌లు ఉన్న ఇల్లు మా బడి పక్కనే ఉంది. పేరు మార్చకపోయినా ఇంత తేడా ఉంటే, పెళ్లితో ఇంటి పేరూ మార్చి, చివరి మాటా మార్చితే ఏమవుతుందో ఆలోచించండి.

టెన్త్ సర్టిఫికెట్ మారదు

ఉపాధ్యాయురాలిగా నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఇది. పెళ్లయిందని పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు మార్చరు. బడి అడ్మిషన్ రిజిస్టరులో ఒకటుండి, సర్టిఫికెట్‌లో పొరపాటున ఇంకొకటి పడితే, ప్రధానోపాధ్యాయుల ద్వారా దరఖాస్తు చేసి దిద్దించుకోవచ్చు. అంతేగాని పెళ్లి కారణంగా కొత్త పేరు ఎక్కించరు. కాబట్టి పిల్ల ఏ పేరు మార్చుకున్నా, ఆమె చదువు మొత్తం పుట్టింటి పేరుతోనే ఉండిపోతుంది. టెన్త్, ఇంటర్, డిగ్రీ, బీఈడీ, అన్నీ.

రేపు ఆమె డీఎస్సీ రాస్తే, నర్సు ఉద్యోగానికి వెళ్తే, సర్టిఫికెట్ల పరిశీలనలో ముందుగా అడిగేది టెన్త్ మెమో. అందులో ఒక పేరు, చేతిలో ఉన్న ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే సంజాయిషీ మొదలవుతుంది.

నా సంగతే చెబుతాను. బీఈడీ చేసి ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు నాకు నికాహ్ అయింది. సర్వీసు రిజిస్టరులో నా పుట్టింటి పేరే ఉంది. మా ఆయన ప్రేమగా నన్ను బ్యాంకుకు తీసుకెళ్లి తన ఇంటి పేరుతో, చివర బేగం చేర్చి, ఖాతా తెరిపించారు. నాకూ అది గొప్పగానే అనిపించింది. ఆ ఏడాది నాకు రావాల్సిన బకాయి జీతం చెక్కు పాత పేరుతో వచ్చింది. బ్యాంకువాళ్లు తీసుకోలేదు. ఆ చెక్కు పట్టుకుని నేను అఫిడవిట్ కోసం ఒకసారి, ప్రధానోపాధ్యాయుల ఉత్తరం కోసం ఒకసారి, మేనేజరు సెలవులో ఉన్నారని ఇంకోసారి తిరిగాను. అప్పుడు నేను ఆరో నెల గర్భిణిని. చివరికి ఆ ఖాతా మూసేసి, సర్వీసు రిజిస్టరులో ఉన్నట్టే కొత్త ఖాతా తెరిచాను. అప్పటి నుంచి ఇప్పటి దాకా నా పేరు ఒకటే. మా అత్తగారింట్లో నన్నెవరూ తక్కువగా చూడలేదు.

తొందరపడితే నష్టం వచ్చే చోట్లు

మొదటిది రిజర్వేషన్. మన రాష్ట్రంలో 2007 చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన కొన్ని వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. షేక్‌లు ఆ జాబితాలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు లేరు. దూదేకుల, నూర్‌బాషా వారు బీసీ-బీలో ఉన్నారు. కులం పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారదు. షేక్ ఇంట్లో పుట్టిన పిల్ల సయ్యద్ ఇంటికి కోడలైనా ఆమె బీసీ-ఈగానే ఉంటుంది. కానీ ఆధార్‌లో 'సయ్యద్' అని మార్పించుకున్న తర్వాత బీసీ-ఈ సర్టిఫికెట్ కోసం వెళ్తే, పరిశీలించే అధికారికి సందేహం రావడం సహజం. ఆ సందేహం తీర్చే భారం ఆమె మీదే పడుతుంది. ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్న పిల్లలు ఈ ఒక్క కారణం చాలు, పేరు కదల్చకుండా ఉంచుకోవడానికి.

రెండోది ప్రభుత్వ సాయం. తెలంగాణలో షాదీ ముబారక్ కింద ఇచ్చే 1,00,116 రూపాయలకు దరఖాస్తు చేసేటప్పుడు పెళ్లికూతురి కాగితాలన్నీ పుట్టింటి పేరుతో ఉంటాయి. దరఖాస్తు పరిశీలన జరుగుతుండగా ఆధార్‌లో పేరు మార్చితే పొంతన పోతుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల తల్లుల ఖాతాలో పడే డబ్బు చూడండి. అప్పట్లో అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం. తల్లి ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా, బడిలో పిల్లవాడి రికార్డు, మూడూ సరిపోవాలి. జాబితాలో పేరు లేదని ఏడుస్తూ బడికి వచ్చే తల్లుల్లో మనవాళ్లు ప్రతి ఏడూ కొందరుంటారు. విచారిస్తే చాలాసార్లు అర్హత ఉంటుంది, కాగితాలు మాత్రం ఒకదానితో ఒకటి కలవవు.

మూడోది గల్ఫ్. కడప, రాయచోటి వైపు నుంచి, హైదరాబాదు పాతబస్తీ నుంచి ఎంతోమంది కువైట్, సౌదీ, దుబాయ్‌లలో ఉన్నారు. భర్త కుటుంబ వీసా పంపాలంటే వివాహ ధ్రువపత్రంలో ఉన్న పేరు, పాస్‌పోర్టులో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాస్‌పోర్టులో సొంత పేరుకు ఒక గడి, ఇంటి పేరుకు ఒక గడి ఉంటాయి. మన ఆడవాళ్లు ఎంతోమంది పేరంతా ఒకే గడిలో రాయించి, రెండోది ఖాళీ వదిలేస్తారు. 2022 నవంబరులో యూఏఈ ఇలా ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలని తర్వాత సడలించింది. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లలో కంగారు పడ్డారో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే రెండు గడులూ నింపండి. హజ్‌కు, ఉమ్రాకు వెళ్లే పెద్దవాళ్లకూ ఇదే మాట.

మార్చుకోవాలనే అనుకుంటే

కొందరు పిల్లలకు భర్త ఇంటి పేరు పెట్టుకోవాలని మనస్ఫూర్తిగా ఉంటుంది. అది వాళ్ల హక్కు. అయితే సగం మార్చి సగం వదిలేయకూడదు. వరుసగా చేయాలి.

మొదట వివాహ ధ్రువపత్రం. 2006లో సుప్రీంకోర్టు అన్ని మతాలవారి పెళ్లిళ్లనూ నమోదు చేయాలని చెప్పింది. అంతకుముందే 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఖాజీ గారిచ్చే నికాహ్‌నామా మనకు ముఖ్యమే. కానీ అది ఉర్దూలో ఉంటే కొన్ని కార్యాలయాల్లో ఇంగ్లీషు అనువాదం అడుగుతారు. నమోదు చేయించేటప్పుడు ఏ చట్టం కింద చేస్తున్నారో అడిగి తెలుసుకోండి. ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదైతే ఆస్తి వారసత్వం షరియత్ ప్రకారం కాకుండా భారతీయ వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. ఇది తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు.

రెండోది ఆధార్. వివాహ ధ్రువపత్రం చూపించి ఆధార్ కేంద్రంలో పేరు మార్పించుకోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో 2 సార్లే. చిన్నప్పుడు అక్షర దోషం దిద్దించడానికి ఒకసారి అయిపోయి ఉంటే, మిగిలింది ఒక్కటే. అందుకే కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు కొట్టిన అక్షరాలు మీ కళ్లతో చూశాకే సరేనని చెప్పండి. ఇచ్చిన రసీదు దాచండి.

మూడోది పాన్. పేరు మారినా పాన్ నంబరు మారదు. కొత్త పాన్ తీసుకోకూడదు, ఉన్నదానిలోనే పేరు దిద్దించుకోవాలి. ఆధార్‌లో ఒక పేరు, పాన్‌లో ఒక పేరు ఉంటే రెండూ లింకు కావు. లింకు కాని పాన్ కార్డులు 2023 జూలై 1 నుంచి పనిచేయకుండా పోయిన సంగతి మీకు తెలుసు. జీతం ఉన్నవాళ్లకు, డిపాజిట్లు ఉన్నవాళ్లకు పన్ను ఎక్కువ కోత పడుతుంది.

నాలుగోది బ్యాంకు, పోస్టాఫీసు ఖాతాలు. ఆ తర్వాత ఓటరు కార్డు, రేషన్ కార్డు, పీఎఫ్, గ్యాస్. పాస్‌పోర్టు ఉంటే అందులో పేరు దిద్దడం ఉండదు, కొత్త పుస్తకం తీసుకోవాలి. వీసా స్టాంపులున్న పాత పుస్తకం పారేయకండి. చివరగా అందరూ మరిచిపోయేది నామినీ పేరు. భర్త బీమాలో, తండ్రి డిపాజిట్‌లో, తన పీఎఫ్‌లో ఎక్కడెక్కడ ఆమె పేరు ఉందో అక్కడంతా కొత్త పేరు రాయించాలి. పైన చెప్పిన చెల్లెలికి జరిగింది ఇక్కడే.

ఇంటి పేరు ఒక్కటే కాక మొత్తం పేరే మారుతుంటే గెజిట్‌లో ప్రకటన కావాలి. ప్రభుత్వ ఉద్యోగులు ముందుగా తమ శాఖకు రాసి, వాళ్లు చెప్పిన పద్ధతిలో చేయాలి.

ఇప్పటికే మూడు పేర్లున్నవాళ్లు

ఇంట్లో ఒక ఆదివారం కూర్చుని ఆమె కాగితాలన్నీ చాప మీద పరిచి చూడండి. ఏ పేరు ఎక్కువ చోట్ల ఉందో, ఏది మార్చలేనిదో గమనించండి. చదువుకున్న పిల్లయితే టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నదే అసలు పేరు అనుకుని మిగతావన్నీ దానికి తేవడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. చదువుకోని తల్లులకు ఆధార్‌లో ఉన్న పేరును అసలుగా పెట్టుకుని మిగతావి దిద్దించుకోవచ్చు. పాత రిజిస్ట్రేషన్ దస్తావేజులు దిద్దేవి కావు. కొత్తగా రాసే దస్తావేజులో ఇద్దరూ ఒకరేనని తెలిసేలా పాత పేరును అలియాస్ అని చేర్చి రాయిస్తారు. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి ఇంట్లో ఉంచుకోవడం మంచిదే. అయితే అది తాత్కాలికంగా పని గడుపుకోవడానికే. ప్రతి కార్యాలయమూ దాన్ని ఒప్పుకోవాలని లేదు.

తలాక్, ఖులా అయిన చెల్లెళ్ల కష్టం వేరు. భర్త ఇంటి పేరు పెట్టుకున్నామె దాన్ని తీయించుకోవాలంటే విడిపోయినట్టు కాగితం చూపించాలి. ఎన్నోచోట్ల కోర్టు డిక్రీ అడుగుతారు. పేరు మార్చుకోని ఆమెకు ఆ అవస్థ లేదు. పెళ్లి నాడు ఇలాంటి మాట అనుకోకూడదంటారు, నిజమే. కానీ కూతుళ్ల తండ్రులు మనసులో అయినా అనుకోవాలి.

నికాహ్ రోజున ఒక చీటీ

ఇన్ని చిక్కులకూ మొదలు చాలా ఇళ్లలో నికాహ్ మజ్లిస్‌లోనే పడుతుంది. బయట మంటపంలో వరుడి చుట్టూ జనం. ఖాజీ గారు పెళ్లికూతురి పేరు అడుగుతారు. ఆ హడావుడిలో పక్కనున్న మామయ్యో చిన్నాన్నో ఇంట్లో పిలిచే పేరు చెప్పేస్తాడు. మున్నీ అనో, చాంద్ బీ అనో రాసేస్తారు. లోపల గదిలో ఉన్న పిల్లకు తన పేరు ఏమని రాశారో తెలిసేసరికి వలీమా కూడా అయిపోతుంది.

దీనికి మందు ఒక చిన్న చీటీ. పెళ్లికూతురి టెన్త్ మెమోలో, ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనూ, ఉర్దూలోనూ ముందే కాగితం మీద స్పష్టంగా రాసి వకీల్‌గా వెళ్లే పెద్దమనిషి జేబులో పెట్టాలి. వరుడికీ అలాగే ఒకటి. ఖాజీ గారి ముందు నోటితో చెప్పకుండా ఆ చీటీ ఇవ్వాలి. సంతకాలు అయ్యేముందు ఒకరు కూర్చుని అక్షరం అక్షరం సరిచూడాలి. పెళ్లిలో బిర్యానీ రుచి చూడటానికి ఒక మనిషిని పెడతాం కదా, పేరు చూడటానికీ ఒకరిని పెడదాం. మా మేనకోడలి నికాహ్‌లో ఆ పని నేనే చేశాను. "టీచరమ్మ ఇక్కడ కూడా పేపర్లు దిద్దుతోంది" అని అందరూ నవ్వారు. తర్వాత నాలుగు నెలలకు పిల్ల సౌదీ వెళ్లేటప్పుడు ఎక్కడా ఆగలేదు.

దాతలకు ఒక మనవి

మన సంఘం ఉపకారవేతనాలు ఇస్తోంది, బేవాలకు నెలనెలా సాయం చేస్తోంది, పేదపిల్లల సామూహిక నికాహ్‌లు జరిపిస్తోంది. వీటి పక్కనే ఇంకొక చిన్న పని చేర్చుకోవచ్చని నా ఆలోచన. పెద్ద ఖర్చు అక్కరలేదు.

ఆదివారం పూట మూడు గంటలు సంఘం కార్యాలయంలో ఒక బల్ల, రెండు కుర్చీలు. ఫారాలు నింపగల ఒకరిద్దరు విద్యావంతులు, వారిలో ఒకరైనా ఆడవారు ఉండాలి. ఆధార్, పాన్ దిద్దుబాట్లకు కట్టే రుసుములు, జిరాక్సులు, నోటరీ ఖర్చు, దూరం నుంచి వచ్చే తల్లులకు ఆటో డబ్బు. ఇద్దత్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి మనమే ఒక స్త్రీని పంపి కాగితాలు చూపించుకోవచ్చు. అప్పుడు ఆ నాలుగు నెలల పది రోజులూ వృథా కావు. ఆమె బయటికి వచ్చే రోజుకు ఏ కార్యాలయానికి ఏ కాగితం తీసుకెళ్లాలో రాసిన జాబితా చేతిలో ఉంటుంది.

సామూహిక నికాహ్‌లు మన చేతిలోనే ఉన్నాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. జంటల పేర్లు నమోదు చేసుకునేటప్పుడే టెన్త్ మెమో, ఆధార్ తెచ్చి సరిచూసుకోవాలి. చీటీలు మనమే రాసివ్వాలి. పెళ్లికానుకగా ఇచ్చే మంచం, బీరువా, గిన్నెలతోపాటు వివాహ ధ్రువపత్రం నకళ్లు రెండు కవరులో పెట్టి ఇవ్వాలి.

నాకు ఇంకా కొన్నేళ్ల సర్వీసు ఉంది. రిటైరయ్యే దాకా ఆగకుండా వచ్చే ఆదివారం నుంచే ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నేను సిద్ధం. జకాత్ ఎవరికి చెల్లుతుంది, ఈ ఖర్చుకు సదఖా వాడాలా అన్నది ఉలమాలు చెబుతారు. వారు చెప్పినట్టే చేద్దాం.

మొదట్లో చెప్పిన ఆ చెల్లెలి పెద్దపిల్ల ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కిందటి నెల ఉపకారవేతనం ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. దానికి జతచేసిన కాగితాలన్నింటిలోనూ ఆమె పేరు ఒకే రకంగా ఉంది. తనే ఒక్కొక్కటీ సరిచూసి, పెన్సిలుతో పక్కన టిక్కులు పెట్టుకుంది. "అమ్మీ తిరిగిన తిరుగుడు చూశాను కదా టీచర్" అంది. మన పిల్లలందరూ అలా చూసి నేర్చుకోవాల్సిన అవసరం రాకుండా ముందే చెబుదాం. ఇన్షా అల్లాహ్, మీ దువాతో, మీ చేయూతతో ఈ పని సాగుతుందని ఆశిస్తున్నాను.

వస్సలాం.